మీ గోడకు సరిపోయే సైజులో చరిత్ర

చరిత్ర అనే సబ్జెక్టును ముక్కలు ముక్కలు చేసి అమ్మొచ్చని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం పెట్టాలి!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. మా రోజుల్లో చరిత్ర ఒక్కటే ఉండేది. లావుపాటి పుస్తకం, ఫ్యాను కింద కునికిపాట్లు పడే మాస్టారు. పేజీ తిప్పితే ఒకడు గెలిచేవాడు, ఇంకొకడు ఓడేవాడు, ఈ ఇద్దరి మధ్యా ఎవడో పన్ను కట్టలేక పెళ్లాం బిడ్డలతో ఊరొదిలిపోయేవాడు. నచ్చినా నచ్చకపోయినా అందరి గోడూ చదవాల్సిందే! హోటల్‌కు వెళ్లినవాణ్ణి కూర్చోబెట్టి, వండినవన్నీ తింటే గానీ లేవనివ్వం అంటే ఊరుకుంటామా? చరిత్ర దగ్గర మాత్రం ఎందుకు ఊరుకున్నాం?

ఇప్పుడా దౌర్జన్యం లేదు. మా మేనకోడలి కోసం కాలేజీ బ్రోషర్ తెప్పించాం. నున్నటి కాగితం, నవ్వే పిల్లలు. తెరవగానే నాకు కళ్లు చెమర్చాయి.

ఎన్ని రకాలు! హోటళ్లలో, విమానాశ్రయాల్లో ఉద్యోగాలు కావాలంటే పర్యాటక చరిత్ర. కంపెనీలు తమ గురించి తామే చెప్పుకున్నది చదవాలంటే కార్పొరేట్ చరిత్ర. గెలిచినవాళ్లు మాత్రమే ఉండే ప్రేరణాత్మక చరిత్ర. తీరిక లేనివాళ్లకు సంక్షిప్త చరిత్ర. అందులో ఒక సామ్రాజ్యం పుట్టి, పెరిగి, పోవడం మీరు లిఫ్టులో పై అంతస్తుకు చేరేలోగా అయిపోతుందట. సున్నిత మనస్కులకు ఆహ్లాదకర చరిత్ర ఉంది. యుద్ధాలుండవు, కరువులుండవు, ఎవరూ చచ్చిపోరు. రాజులు తోటలు వేయిస్తారు. వచ్చిన రాజుకు పోయిన రాజు తోట అప్పజెప్పి ఎటు పోయాడని మాత్రం అడగకూడదు.

ఇంకా ఉన్నాయి. అన్నీ చెబితే కాలేజీవాళ్లు నాకు కమీషన్ ఇచ్చారనుకుంటారు.

బ్రోషర్ చివరి పేజీలో, క్యాంటీన్ వేళల కింద, చిన్న అక్షరాల్లో ఇంకొకటి కూడా ఉంది. దానికి ముందూ వెనకా ఏ విశేషణమూ లేదు. ‘చరిత్ర’ అని మాత్రం ఉంది. ఫోటో కూడా లేదు పాపం.

మా పిల్ల సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

ఆ పిల్లను ఇంట్లో అందరూ ఎందుకమ్మ అంటారు. అమ్మా నాన్నా అనడం కంటే ముందు ‘ఎందుకు’ అనడం నేర్చిందని మా అక్క ఇప్పటికీ తల బాదుకుంటుంది. వాన ఎందుకు కురుస్తుంది అని అడిగే పిల్లలు ఏ ఇంట్లోనైనా ఉంటారు. ‘పక్కింటావిడ మనింట్లోకి వచ్చినప్పుడు ఒకలా, వాళ్లింటికి మనం వెళ్లినప్పుడు ఒకలా ఎందుకు నవ్వుతుంది?’ అని ఆవిడ ముందే అడిగే పిల్ల ఉంటే తెలుస్తుంది ఆ కష్టం.

“ఉత్త చరిత్రా?” అన్నాడు మా బావ. “దాంతో ఏం చేస్తావే?”

“తెలుసుకుంటాను నాన్నా.”

“తెలుసుకుని?”

“తెలిసిపోతుంది కదా!”

మా బావ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆయనది ఫోటో ఫ్రేముల షాపు. ఇంటి ముందు గదే షాపు. పొద్దున్నుంచీ గాజు మీద కట్టర్ గీసిన కిర్రుమనే చప్పుడు, రంపం కింద రాలే చెక్కపొడి వాసన. ఫ్రేము వెనక అట్ట బిగించడానికి సన్న మేకులు కావాలి కదా, వాటిని పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు. నోట్లో మేకులున్నప్పుడు మాట్లాడడం కుదరదు. ఈ సౌకర్యం ఎంత గొప్పదో షాపు పెట్టిన కొత్తలోనే కనిపెట్టాడు. జవాబు చెప్పడం ఇష్టం లేని ప్రశ్న ఎదురైతే చాలు, చేతిలో ఫ్రేము లేకపోయినా సరే, మేకులు నోట్లోకి వెళ్లిపోతాయి!

ఆయన వృత్తికి ఒక నియమం ఉంది. ఫోటో ఫ్రేము కంటే పెద్దదైతే అంచులు కోస్తాడు. ఒక్కోసారి జనమే వచ్చి ‘ఈ చివర నుంచున్న ఆయన్ని తీసెయ్యండి’ అంటారు. తీసేస్తాడు. కానీ కోసిన ముక్క పారెయ్యడు. ఫోటో వెనక పెట్టి, పైన అట్ట బిగిస్తాడు. అలకలు తీరాక జనం మళ్లీ వస్తారనీ, అప్పుడు ముక్క లేకపోతే మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తామనీ ఆయన వాదన.

అంత నియమం ఉన్న మనిషి ఇంట్లో, హాల్లో, టీవీకి పైన ఒక ఫోటో ఉంది. షాపు తెరిచిన రోజు తీసింది. కుర్చీలో బావ వాళ్లమ్మ, వెనక బావ, పక్కన చంటిపిల్లతో మా అక్క. అందరూ బాగానే ఉన్నారు. బావ ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. సన్నటి వేళ్లు, తోలు పట్టీ వాచీ. చెయ్యి మణికట్టు దాకానే ఉంది. ఆ తర్వాత ఫ్రేము!

మాటలు వచ్చిన దగ్గర్నుంచీ మా ఎందుకమ్మ ఆ చెయ్యి ఎవరిదని అడుగుతూనే ఉంది. ఫోటోగ్రాఫర్‌ది అంది అక్క. మరి ఫోటో ఎవరు తీశారంది పిల్ల. నాదేనన్నాను నేను, గొడవ వదిలిపోతుందని. నా చెయ్యి పట్టుకుని, ఫోటో వైపు చూసి, “నీ వేళ్లు వంకాయల్లా ఉంటాయి కదా మామయ్యా” అంది. నాన్న దగ్గరికి వెళ్తే నాన్న నోట్లో మేకులు.

ఇప్పుడు అర్థమైందా పాఠకులారా, మా బావకు ఉత్త చరిత్ర ఎందుకు గిట్టలేదో? ఇంట్లో ఒక చెయ్యి దాచుకున్నవాడు కూతుర్ని తవ్వడం నేర్చుకోమని ఎలా పంపిస్తాడు? ఆహ్లాదకర చరిత్ర చదవమన్నాడు, స్కూటీ కొనిస్తానన్నాడు. పర్యాటకమైనా సరే అన్నాడు. “ఇంకేదైనా చదువు, సంతకం పెడతాను. ఉత్త చరిత్రకు మాత్రం పెట్టను” అని తేల్చేశాడు. తండ్రి సంతకం లేనిదే సీటు లేదు. దరఖాస్తులకు మర్నాడే ఆఖరు. పిల్ల అన్నం మానేసి అలగలేదు. చెయ్యి ఉన్న ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చుంది, అంతే. అలిగినా బాగుండేది!

మర్నాడు నలుగురం కాలేజీకి వెళ్లాం. ‘మార్గదర్శన కేంద్రం’ అని రాసిన పెద్ద హాలు. కోర్సుకొక బల్ల, బల్లకొక బోర్డు, బోర్డుకొక ప్లాస్టిక్ పూలగుత్తి. బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి, మొదటిది తప్ప. అక్కడ ఒక మేడం కూర్చుని ఉంది. నడివయసు, నలిగిన కాటన్ చీర. దరఖాస్తులు కట్టలు కట్టుకోవడానికి కాబోలు, మణికట్టుకు నాలుగైదు రంగుల రబ్బరు బ్యాండ్లు.

ఆవిడ కార్పొరేట్ చరిత్ర ఎంత ఉజ్జ్వలమైనదో చెప్పింది. విన్నాం. థాంక్స్ చెప్పి రెండో బల్ల దగ్గరికి కదిలాం. మేడం కూడా లేచింది. హ్యాండ్‌బ్యాగూ నీళ్ల సీసా తీసుకుని, మాకంటే ముందు వెళ్లి, రెండో బల్ల వెనక కూర్చుంది.

“నమస్తే, రండి. పర్యాటక చరిత్రకు స్వాగతం” అంది, మమ్మల్ని అప్పుడే చూస్తున్నట్టు.

మా అక్క ముక్కున వేలేసుకుంది. మూడో బల్ల దగ్గరా అదే మేడం. నాలుగో బల్ల దగ్గరా అదే హ్యాండ్‌బ్యాగు. మేం నడిస్తే ఆవిడ నడుస్తుంది, మేం ఆగితే ఆవిడ కూర్చుంటుంది. సంక్షిప్త చరిత్ర బల్ల దగ్గరికి వచ్చేసరికి పాపం ఆయాసపడుతోంది.

“ఇన్ని కోర్సులూ మీరొక్కరే చెబుతారా మేడం?” అంది మా అక్క, ఉండబట్టలేక.

“కోర్సులు పెంచారండీ” అంది ఆవిడ, సీసా మూత తీస్తూ. “కుర్చీలు కూడా పెంచారు.”

ఏం సామర్థ్యం! పదిమంది చేసే పని ఒక్క మనిషి చేత చేయించడాన్ని వేరే చోటైతే పిసినారితనం అంటారు. చదువులో దాన్ని విస్తరణ అంటారు. నేను మనసులోనే చప్పట్లు కొట్టాను.

చివరి బల్ల మూలగా, స్విచ్‌బోర్డు కింద ఉంది. పూలగుత్తి లేదు. బోర్డు మీద ఒక్కటే మాట. మా బావ అటు చూడకుండా గుమ్మం వైపు నడవబోయాడు. పిల్ల మాత్రం వెళ్లి ఆ బల్ల ముందు కూర్చుంది. మేడం వచ్చింది. ఈసారి స్వాగతం చెప్పలేదు. బల్ల కింద చెప్పులు వదిలేసి, కాళ్లు చాపుకుని, ఇంటికొచ్చినట్టు ఒక నిట్టూర్పు విడిచింది.

“దీనికి ఎవరూ రావడం లేదమ్మా. నా అసలు ఉద్యోగం దీని మీదే. మిగతావన్నీ ఖాళీ ఉన్నప్పుడు చెప్పమన్నారు. సరే, ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో, అడిగితే తలా ఒకలా చెప్పే సంగతి ఏదైనా ఉందా?”

“చెయ్యి” అంది మా పిల్ల, రెప్ప వెయ్యకుండా.

“ఎవరి చెయ్యి?”

“ఫోటోగ్రాఫర్‌ది” అంది మా అక్క, అలవాటు చొప్పున.

“నాదండీ” అన్నాను నేను. నన్నెవరూ అడగలేదనుకోండి.

మేడం మా ఇద్దర్నీ చూసి, నవ్వాపుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ బావ వైపు తిరిగింది. “మీరేమంటారు?”

బావ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. ఖాళీ జేబు! కాలేజీకి వస్తూ మేకులెవరు తెచ్చుకుంటారు? నోరు తెరిచాడు, మూశాడు. అప్పటిదాకా ఆయన్ని చూసి నవ్వుకుంటున్నవాణ్ణి, అప్పుడు మాత్రం జాలేసింది.

“మా తమ్ముడిది” అన్నాడు.

పిల్ల కుర్చీలోంచి వెనక్కి తిరిగింది.

“నాకు బాబాయి ఉన్నాడా?”

“ఉన్నాడమ్మా. షాపు ఇద్దరం కలిసే పెట్టాం. కొత్తలో ఒకావిడ వచ్చి ఫోటోలో తోడికోడల్ని తీసెయ్యమంది. వాడు, మనుషుల్ని కొయ్యనన్నాడు. ఇప్పుడిప్పుడే నలుగురూ వస్తున్నారు, వచ్చిన గిరాకీని తరిమేస్తావా అని అరిచి, నేనే కోసిచ్చాను. వాడు కట్టర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ కోపంలో నేను లోపలికొచ్చి...” ఆగాడు. “చెయ్యి కొయ్యాలంటే నా భుజం కూడా కొయ్యాలి. అందుకని ఉండిపోయింది.”

“అడిగినప్పుడల్లా ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“చెబుదామనే అనుకునేవాణ్ణి.”

“అనుకుని?”

“మేకులు పెట్టుకునేవాణ్ణి.”

మేడం దరఖాస్తు ఫారం తీసి, రబ్బరు బ్యాండు ఒకటి చేతినుంచి ఊడదీసి పక్కన పెట్టింది. “ఇది ఒకరు చెప్పింది” అంది పిల్లతో. “రెండోవారు ఏమంటారో విని రా. ఇదే నీ మొదటి పాఠం.” ఫారం బావ ముందుకు జరిపింది. బావ సంతకం పెట్టాడు. స్కూటీ మాట పిల్ల ఎత్తలేదు. ఎత్తి ఉంటే అదీ వచ్చేది, ఆ పూట ఆయన ఏదడిగినా కాదనేలా లేడు.

ఇక చూడండి, ఉత్త చరిత్ర ఎంత ప్రమాదకరమో!

ఇంటికి రాగానే ఫోటో గోడ దిగింది. మేకులు ఊడాయి. అట్ట తియ్యగానే వెనక నిలువుగా కోసిన ముక్క, నియమం ప్రకారం, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. అందులో పొడుగ్గా, సన్నగా ఒక కుర్రాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఒక చెయ్యి లేదు. అది ఇన్నేళ్లూ టీవీ పైనే ఉంది కదా. పిల్ల రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. మా అక్క వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చింది.

బాబాయి ఎక్కడో లేడు. అదే ఊళ్లో, అవతలి వీధిలో కళ్లజోళ్ల షాపు పెట్టుకుని అద్దాలు అరగదీస్తున్నాడు. గాజు పని మానలేదన్నమాట. పిల్ల వెళ్లి పిలుచుకొచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి అన్నగారిని ఎగాదిగా చూసి అన్న మొదటి మాట ఏమిటనుకున్నారు?

“వదినా, ఈయన తోడికోడలి కథ చెప్పాడా? అంతా అబద్ధం. నేను కట్టిన ఫ్రేము వంకరగా ఉందని, గిరాకీ ముందే విప్పి మళ్లీ కట్టాడు. అందుకు పోయాను!”

“వంకరగానే ఉంది!” అన్నాడు బావ.

“లేదు!”

“గోడే వంకరగా ఉండొచ్చుగా బాబాయ్?” అంది పిల్ల, ఆనందం పట్టలేక.

అంతే. చీకటి పడేదాకా ఆ ఇంట్లో చెవి పెట్టలేకపోయాం. అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఇదే తంతు. కళ్లజోళ్లాయన వస్తాడు, భోజనానికి కూర్చుంటాడు, ఫ్రేము వంకరా కాదా అన్న దగ్గర మొదలవుతుంది. ప్రశాంతంగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతికేస్తున్న అన్నదమ్ముల్ని తెచ్చి ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది ఈ చదువు! అదే ఆహ్లాదకర చరిత్ర చదివి ఉంటే? తోటలు, నీటి కొలనులు, నోట్లో మేకులు. హాయిగా ఉండేది కాదూ?

కాబట్టి ఈ ఉత్త చరిత్రను వెంటనే మూసెయ్యాలని ఈ శీర్షికలో డిమాండ్ చేద్దామనుకున్నాను. సగం రాశాను కూడా.

ఈలోగా కాలేజీవాళ్లు నా మాట వినకుండానే మూసేశారు.

కొత్త బ్రోషర్ వచ్చింది. చివరి పేజీలో క్యాంటీన్ వేళల కింద ఇప్పుడు పార్కింగ్ నిబంధనలున్నాయి. చరిత్ర లేదు. ఒక్క పిల్ల కోసం కోర్సు నడపడం గిట్టుబాటు కాదన్నారట. కోర్సు లేదు కాబట్టి మేడం ఉద్యోగమూ లేదు. ఖాళీ ఉన్నప్పుడు చెప్పే మిగతా కోర్సులకు వీడియోలు పెట్టారు. మా పిల్లను, ఒక మాటైనా అడగకుండా, ఆహ్లాదకర చరిత్రలోకి మార్చేశారు. ఏ స్కూటీ ఖర్చూ లేకుండా మా బావ పాత కోరిక తీరింది!

పైగా బ్రోషర్ అట్ట మీద మా పిల్ల ఫోటో. ‘ఆహ్లాదంగా నేర్చుకుంటున్న మా విద్యార్థిని’ అని కింద రాశారు. కాలేజీలో చేరిన కొత్తలో తీసిన ఫోటో అది. పుస్తకం పట్టుకుని నవ్వుతోంది. చూడముచ్చటగా ఉంది.

ఆమె భుజం మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టుకు రంగురంగుల రబ్బరు బ్యాండ్లు. ఆ తర్వాత అట్ట అంచు.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, ఎందుకు అని కూడా అడగలేదు. మొట్టమొదటిసారి అడగలేదు. అదే నాకు భరించరానిదైంది. బ్రోషర్ తీసుకెళ్లి షాపులో నాన్న బల్ల మీద పెట్టి నుంచుంది. ఆదివారం కాబట్టి కళ్లజోళ్లాయన కూడా అక్కడే ఉన్నాడు. బావ నోట్లో మేకులున్నాయి. బ్రోషర్ చేతిలోకి తీసుకుని, ఫోటో అంచు బొటనవేలితో తడిమి చూశాడు. వెనక్కి తిప్పాడు. వెనక ఫీజుల పట్టిక, బస్సు రూట్లు ఉన్నాయి. గోటితో అట్ట అంచు విడదీసి లోపలికి చూశాడు. ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పాడు.

మేకులు తీసి అరచేతిలోకి వేసుకున్నాడు.

“కోశారు, సరే” అన్నాడు. “ముక్క ఎక్కడ పెట్టారు?”

తమ్ముడు అద్దాలు తుడుచుకోవడం ఆపి అన్నగారి వైపు చూశాడు. ఫ్రేము వంకర గురించి ఆ పూట ఎవరూ మాట్లాడలేదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల కోర్సు కోసం బ్రోషర్ అంతా వెతికాను, పాఠకులారా. కనబడలేదు. విగ్రహం మాట ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం పొద్దున అన్నదమ్ములిద్దరూ పిల్లను మధ్యలో పెట్టుకుని కాలేజీకి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు, షాపు తలుపులు మూస్తూ లోపలికి తొంగి చూశాను. బావ మేకుల డబ్బా బల్ల మీదే వదిలేశాడు.